ఉత్తరపు గోడ అవతల

నేను రిటైర్ కావడానికి రెండేళ్ల ముందు, ఒక మార్చి నెలలో, నాటింగ్‌హామ్‌లో కొత్త ఫ్లాట్లు కట్టబోయే స్థలానికి నన్ను పంపారు. ఒక పురావస్తు సంస్థలో ఎముకల నిపుణురాలిని నేను. అక్కడ మధ్యయుగం చివరినాటి చర్చి పునాదులు బయటపడ్డాయి. ఆ కాలంలో డబ్బున్న వర్తకులను చర్చి లోపలే పూడ్చేవారు. ఇక్కడ పేదలకు దక్కింది ఉత్తరపు గోడ అవతలి నేల. పెట్టె కూడా ఉండదు, ఒంటికి చుట్టిన గుడ్డే.

లోపలి సమాధుల తవ్వకం పూర్తయ్యేసరికి గడువు ముంచుకొచ్చింది. బయటివాటిని లెక్కపెట్టి వదిలేద్దామంది మా అధికారి హెలెన్. తవ్వకం ముగిసిందన్న పత్రం మీద నా సంతకం ఉంటేనే కౌన్సిల్ కట్టడానికి అనుమతిస్తుంది. బయటివి చూడకుండా పెట్టనన్నాను. ఆమె నాతో రెండు రోజులు సరిగా మాట్లాడలేదు.

బిల్డర్ తరఫు ఇంజనీర్ రవీందర్‌ది కరీంనగర్. అతనే నా దగ్గరికి వచ్చాడు.

"ఆంటీ, శుక్రవారం కాంక్రీటు లారీలొస్తయి. పెద్దోళ్లయి అన్నీ చూసిన్రు గదా. ఈ పేదోళ్ల బొక్కలల్ల ఇంకేమున్నది?"

"ఆ ఎముకలు చూడకుండ ఎట్ల చెప్త? నువ్వు ఎన్ని రోజులు ఆపగలవో చెప్పు."

దూరంగా వెళ్లి ఎవరితోనో ఫోన్‌లో మాట్లాడి వచ్చాడు. "సోమవారం దాంక ఆపిన. అంతకు మించి నా చేతిల లేదు."

వానలో, టార్పాలిన్ కింద, మోకాళ్ల మీద కూర్చుని తవ్వాం. పదకొండు అస్థిపంజరాలు తీయగలిగాం. సోమవారం సంతకం పెట్టాను, మిగిలినవి చూడలేదని దాని కిందే రాసి.

ఆ పదకొండులో ఒక నడివయసు స్త్రీ ఉంది. బరువులు మోసి వెన్నుపూసలు అరిగిపోయాయి. కానీ పళ్లు నున్నగా ఉన్నాయి. చిన్నతనంలో ఆకలికి మాడితే పంటి పింగాణీ పొర మీద అడ్డగీతలు పడతాయి, అవి ఇక చెరగవు. ఆమెకు ఒక్కటీ లేదు. పన్ను బాల్యంలో తిన్న తిండిని చెబుతుంది, పక్కటెముక చివరి ఏళ్లలో తిన్నదాన్ని. రెండింటినీ పరీక్షకు పంపాం. పంటిలో చేపల, మాంసపు ఆనవాళ్లు కనబడ్డాయి, లోపలి వర్తకుల పళ్లలో లాగే. పక్కటెముకలో అవి దాదాపు లేవు.

ఆ నగరంలో పేదలు పుట్టు పేదలేనని హెలెన్ నివేదికలో అప్పటికే రాసేసింది. ఫలితాలు ఆమె బల్ల మీద పెట్టాను. రెండుసార్లు చదివి, ఆ వాక్యం తనే కొట్టేసింది.

సమాధి ఉన్న చోటు మనిషి ఏ స్థితిలో పోయాడో చెబుతుంది, ఏ స్థితిలో పుట్టాడో చెప్పదు. చూడని ఎముకల గురించి ఒక్క వాక్యం కూడా రాయకూడదని ఆ పనిలో నేర్చుకున్నాను.