బోర్డు మీద తప్పిన అక్షరం

బోర్డులు రాసే పెయింటర్‌కి తన చేతి మీద ఎంత నమ్మకమో, ఇంగ్లీషు మీద అంత బెరుకు. ఆ అక్షరాలను బొమ్మలు గీసినట్టు గీస్తాడే తప్ప చదవడం అంతంతమాత్రమే. ఆ సంగతి భార్యకు తప్ప ఎవరికీ తెలియనివ్వలేదు.

ఏళ్ల తరబడి సైకిల్ మీద పెన్నులు, పుస్తకాలు వేసుకుని వీధివీధీ తిరిగి అమ్మిన ముసలాయన చివరికి మెయిన్ రోడ్డు మీద చిన్న కొట్టు పెట్టాడు. అందరికీ ఆయన సైకిల్ బాబాయే. బోర్డు పని పెయింటర్‌కే అప్పజెప్పాడు. నీలం మీద పసుపు రంగు ఇంగ్లీషు అక్షరాలు నిగనిగలాడుతుంటే దారిన పోయేవాళ్లు ఆగి మరీ చూశారు.

కొట్టు తెరిచిన రోజున ఇంగ్లీషు టీచరమ్మ వచ్చి, బోర్డు చూసి ఫక్కున నవ్వింది. స్టేషనరీ అన్న మాటలో ‘ఈ’ అనే ఇంగ్లీషు అక్షరం ఉండాల్సిన చోట ‘ఏ’ పడిందట. ‘ఏ’తో రాస్తే కదలకుండా ఉన్నదని అర్థమట, ఆగి ఉన్న బండి గురించి చెప్పేటప్పుడు వాడే మాటట. ‘అయితే ఇది కదలని కొట్టన్నమాట’ అని ఎవరో అందుకున్నారు. అంతా గొల్లుమన్నారు.

పెయింటర్‌కి చెవులు వేడెక్కాయి. నోరు జారింది.

“నేనేం చెయ్యను మేడమ్? బాబాయ్ కాగితం మీద రాసిచ్చిందే దించాను.”

కాగితమూ లేదు, రాసివ్వడమూ లేదు. ముసలాయన అతని వైపు ఒక్కసారి చూశాడు.

“అవునమ్మా, నేనే రాసిచ్చాను. నా ఇంగ్లీషు అంతే మరి” అన్నాడు.

టీచరమ్మ నొచ్చుకుంది. రెండు మాటలదీ ఒకటే మూలమని చెప్పింది. పూర్వం వర్తకులు చాలామంది ఊళ్లు తిరిగి అమ్మేవారట. ఒకేచోట కుదురుగా కొట్టు పెట్టుకున్నవాడికి, ముఖ్యంగా పుస్తకాలమ్మేవాడికి, నిలిచి ఉన్నవాడనే అర్థంలో స్టేషనర్ అనే పేరు వచ్చిందట. తర్వాత వాడమ్మే సరుకు పేరులో ‘ఈ’ స్థిరపడిందట. ముసలాయన ముఖం వెలిగింది. అయితే ఇది తన కథేనన్నాడు.

పెయింటర్ కుంచెలు సర్దుకుని బయటపడ్డాడు. ఇంట్లో ముద్ద దిగలేదు. భార్య గుచ్చిగుచ్చి అడిగితే చెప్పాడు.

“ఆయనకి ఇంగ్లీషు రాదని తెలిసే ఆయన మీదకి తోశారా?” అందామె.

తెల్లారాక నిచ్చెన మోసుకుని వెళ్లాడు. కొట్టు నిండా జనం. వాళ్లందరి ముందే, తప్పు తనదని, అబద్ధమాడానని చెప్పేశాడు.

ముసలాయన పెన్నులు సర్దుతూనే అన్నాడు: “నాకు తెలీదేంట్రా? నాకు ఇంగ్లీషు రాకపోతే నవ్వి ఊరుకుంటారు. నీ రాతకి పేరు పోతే రేపు నిన్నెవరు పిలుస్తారు?”

నాలుగు చీవాట్లకు సిద్ధపడి వచ్చినవాడికి ఆ మాట మింగుడుపడలేదు. గబగబా నిచ్చెనెక్కి, వీధికి వీపు తిప్పి, ‘ఏ’ మీద నీలం పూశాడు. ఆరాక ‘ఈ’ గీశాడు. జనం పలచబడే దాకా కిందికి దిగలేదు.

ఇప్పుడు ఎవరు పని చెప్పినా, రాసింది సరిచూడమని ముందే అడుగుతాడు. ఆ కొట్టు మీదుగా వెళ్లేటప్పుడు బాబాయ్ కేకేసి పిలిస్తే మాత్రం, నేలచూపులు చూస్తూనే బదులిస్తాడు.