సైకిలెక్కమన్న నేరం

ఒక్క ఫ్లెక్సీతో గవర్నమెంటు ఉద్యోగం పోగొట్టుకోవడం ఎలాగో తెలుసుకోవాలంటే నన్నడగండి. పూర్తిగా పోగొట్టుకోలేదనుకోండి, అంచుదాకా వెళ్ళి తొంగి చూసి వచ్చేను. పైగా నన్నెవరూ ఇరికించలేదు. ఆలోచన నాది, రాత నాది, రంగు నేను ఎంచుకున్నదే. తప్పు చేసినవాళ్ళు మామూలుగా కింద పేరు రాసుకోరు. నేను రాసుకున్నాను, హోదాతో సహా.

అప్పటికి నాకు ఇరవయ్యారేళ్ళు. గోవాడ అవతల ఒక ఊళ్ళో హైస్కూలుకి లెక్కల టీచర్ని. చోడవరంలో రెండు గదుల వాటాలో అద్దెకుండేదాన్ని. రెండేళ్ళ ప్రొబేషన్ అయిపోవచ్చింది, ఫైలు పై ఆఫీసులో సంతకం కోసం ఎదురుచూస్తోంది. మా ఇంటా వంటా గవర్నమెంటు జీతం తీసుకున్న మొదటి మనిషిని నేను. రావికమతంలో మా నాన్న చెరుకు పనికి వచ్చినవాళ్ళకీ, ఆటోవాళ్ళకీ, దారినపోయేవాళ్ళకీ కూడా "మా గుంటది ఇంకో నెలలో పర్మనెంటు" అని చెప్పుకుంటన్నాడు. కాబట్టి ఆ ఒక్క నెలా నేను ఒళ్ళు దగ్గర పెట్టుకుని ఉండాలి. అంతకన్నా నేను చెయ్యాల్సింది ఏమీ లేదు. అదే చెయ్యలేదు.

దానికి కారణం నా సైకిలు పిచ్చి. రోజూ బడికి సైకిలు మీదే వెళ్ళేదాన్ని. ఇప్పుడు కళ్ళు మూసుకున్నా ఆ రోడ్డు కనిపిస్తుంది. పొద్దున్న చోడవరం దాటగానే రెండు పక్కలా చెరుకు తోటలు. గోవాడ పంచదార ఫ్యాక్టరీలో చెరుకు ఆడే క్రషింగ్ రోజుల్లో ఎదురుగాలికి తియ్యటి పాకం వాసన వచ్చేది, ఒకోసారి గోవాడ చేరేసరికి టిఫిను తిన్నంత పనయ్యేది. మంచు కురిసే రోజుల్లో కనుబొమ్మలు తడిసిపోయేవి. చెరుకు ట్రాక్టరు వెనక మెల్లిగా తొక్కుకుంటూ వెళ్తే రెండు గడలు జారి పడేవి. జారి పడేవనే రాస్తన్నాను, లాగేనని ఎక్కడా రాయను, టీచర్ని కదా. బడికి చేరేసరికి మనసు కడిగిన పలకలా ఉండేది. అంత హాయిగా నేను మళ్ళీ ఎప్పుడూ ఏ బడికీ వెళ్ళలేదు, నిజంగానే.

ఆ హాయి నేనొక్కదాన్నీ అనుభవించి ఊరుకుంటే ఈ కథే లేదు. అందరికీ పంచాలనుకున్నాను. మా స్టాఫులో చాలామంది షేర్ ఆటోలో వచ్చేవారు. డ్రైవరుకి అటొకరు ఇటొకరు, వెనక ఒకరి ఒళ్ళో ఒకరు, దిగేసరికి ఎవరి చెప్పు ఎవరి కాలికుందో వెతుక్కునేవారు. నాకు జాలేసేది. స్టాఫ్ రూములో ఎవరు ఒంటరిగా దొరికితే వాళ్ళని పట్టుకునేదాన్ని.

"మేడమ్, మీరు సైకిలెందుకు తొక్కరు?" అని తెలుగు మేడమ్‌ని అడిగితే, "పౌడరు కారిపోతాదమ్మా" అన్నారావిడ.

సన్యాసిరావు మాస్టారని మాకు సోషల్ చెప్పే పెద్దాయన ఉండేవారు. ఆయన్ని అడిగేను.

"తొక్కడం రాక కాదమ్మా సత్యవతీ. నేను సైకిలు మీద కనపడితే బైకు అమ్మేసుకున్నాననుకుని మా అత్తారి ఊరంతా పరామర్శకొచ్చేస్తారు. వాళ్ళందరికీ కాఫీలు ఎవరు పెడతారు?"

హెడ్మాస్టరు గారి దగ్గరకి వెళ్ళి, "బీపీకి చాలా మంచిది సార్" అన్నాను.

"నువ్వు రోజూ మంచిది మంచిదంటన్నప్పట్నుంచే నా బీపీ పెరుగుతోందమ్మా" అన్నారు.

రెండేళ్ళు ఇలాగే గడిచింది. చివరికి నా గోల పడలేక సన్యాసిరావు మాస్టారే ఒక సలహా పడేసేరు. "ఆరోగ్యం, పొగ, వాతావరణం అంటే ఎవడెక్కుతాడమ్మా? ఊరించాల. మాడుగుల్లో హల్వా కొట్టువాడు నెయ్యి గురించి లెక్చరిస్తాడేటి? ముక్క తీసి సేతిలో పెడతాడు. నువ్వు కూడా ఊరించేలాగ రెండు ముక్కలు రాసి పెద్ద ఫ్లెక్సీ కట్టు. రోడ్డున పోయేవాళ్ళు సదువుకుంటారు, మమ్మల్నొగ్గేయ్."

ఆయన ఉద్దేశం ఆఖరి మాట, తమని వదిలెయ్యమని. నాకు వినపడింది ఫ్లెక్సీ ఒక్కటే.

శుక్రవారం సాయంత్రం చోడవరంలో ఫ్లెక్సీ షాపుకి వెళ్ళి, రాత్రీ పగలూ ఆలోచించి రాసిన మూడు ముక్కల కాయితం ఇచ్చేను. షాపాయన చదివి నన్ను ఎగాదిగా చూసేడు.

"బావుంది మేడమ్. పైన ఎవరి ఫోటో పెట్టాల?"

"ఎవరి ఫోటో వద్దు. సైకిలు బొమ్మ ఒక్కటీ పెద్దగా పెట్టండి, చాలు."

"అవున్లెండి, గుర్తు చాలు. కలరు పసుపేనా?"

"పసుపే. దూరాన్నుంచి కనపడాలి కదా."

"కనపడతాది మేడమ్, కనపడకేటి. కింద పేరెయ్యాలా, వద్దా?"

"వెయ్యండి. బి. సత్యవతి, లెక్కల టీచరు."

ఆయన పెన్ను ఆపేడు. "గవర్నమెంటు టీచరా? శానా ధైర్యమండీ మీకు" అన్నాడు. సైకిలు తొక్కే ఆడపిల్లకి ధైర్యం ఉంటుందని మెచ్చుకుంటన్నాడనుకుని నేను కొంచెం సిగ్గుపడ్డాను కూడా.

చదువుతున్న మీకు ఈపాటికి అర్థమైపోయుంటుంది. మన రాష్ట్రంలో సైకిలు ఒక పార్టీ గుర్తు, ఫ్యాను దాని ఎదుటి పార్టీ గుర్తు, పసుపు రంగు ఎవరిదో పాలు తాగే పిల్లడికి కూడా తెలుసు. నాకూ తెలుసు. కానీ ఆ రోజుల్లో నా బుర్రలో సైకిలంటే రెండు చక్రాలూ, ఒక గంటా, వెనక క్యారేజీ. ఎన్నికలెప్పుడా అని ఊరూరా జనం అరుగుల మీద తగువులాడుకుంటంటే, సైకిలంటే ఉత్త సైకిలే అనుకున్న మనిషిని ఈ రాష్ట్రం మొత్తం మీద నేనొక్కదాన్నే అయ్యుంటాను.

ఇంతకీ ఆ మూడు ముక్కలూ ఏమిటంటారా. ఇదిగో, ఉన్నదున్నట్టు రాస్తన్నాను, అక్షరం మార్చలేదు:

"ఫ్యాను కింద కూర్చుని ఏం బాగుపడ్డాం?
మళ్ళీ సైకిలే రావాలి.
ఇంటిల్లిపాదిదీ ఒకే మాట, సైకిల్!"

శనివారం బడి వదిలేక అటెండరు చేత దాన్ని రోడ్డు వైపు గోడకి కట్టించేను. హెడ్మాస్టరు గారు ఆ రోజు పెళ్ళికని ముందే వెళ్ళిపోయేరు, లేకపోతే అక్కడే ఆగేది. ఆ సాయంత్రమే ఎన్నికల షెడ్యూలు వచ్చి కోడ్ అమల్లోకి వచ్చింది. నా గదిలో టీవీ లేదు. ఆదివారమంతా సైకిలు కడిగి, చైనుకి నూనె వేసుకుంటూ కూర్చున్నాను.

సోమవారం బడి దగ్గరకొచ్చేసరికి ఫ్లెక్సీ ముందు ఇసకేస్తే రాలనంత జనం. గేటు పక్కన జీపు, ఒక ఆఫీసరు, భుజాన కెమెరాతో ఇంకొకాయన. నా గుండె పొంగిపోయింది. ఒక్క ఆదివారంలో ఇంత మార్పా అనుకున్నాను. టీవీవాళ్ళు కూడా వచ్చేరని జడ సర్దుకుని, గంట కొట్టుకుంటూ జనం మధ్యలోంచి వచ్చి దిగేను. స్టాఫంతా వరండాలో బిగుసుకుపోయి నిలబడ్డారు. హెడ్మాస్టరు గారు నాకేసి చేతులూపుతున్నారు. నమస్కారం పెడతన్నారనుకుని నేనూ పెట్టేను.

ఆఫీసరు గారు సైకిలు కేసి చూసి, నాకేసి చూసి, "సత్యవతి అంటే మీరేనా?" అన్నారు.

"నేనే సార్."

"ఈ ఫ్లెక్సీ మీరే రాశారా?"

"సొంతంగా రాసేను సార్. ఎవరి సాయం లేదు."

కెమెరా దగ్గరకొచ్చింది. నేను నవ్వేను.

"అంటే, అందరూ సైకిలు వైపు రావాలంటారు."

"వస్తే బాగుపడతారు సార్."

"ఫ్యాను వద్దంటారు."

"బొత్తిగా వద్దనను సార్. రాత్రి పూట ఒక్కటి చాలు."

జనంలో ఎవరో కిసుక్కుమన్నారు. ఆఫీసరు గారు నవ్వలేదు.

"ఎన్నాళ్ళుగా చేస్తున్నారు ఈ ప్రచారం?"

"రెండేళ్ళ నుంచి సార్. స్టాఫ్ రూములో రోజూ చెప్తాను. పిల్లలకి క్లాసులో కూడా చెప్తాను."

"క్లాసులో కూడానా?" ఆఫీసరు గారు కెమెరా అతని వైపు తిరిగి, "ఇది పడిందా?" అని అడిగేరు. పడిందన్నాడతను.

"మీ ఇంట్లో కూడా అందరూ ఇదేనా?"

"అందరం సార్. మా తాతయితే కట్టెలో ప్రాణం ఉన్నంత వరకూ సైకిలు వదల్లేదు."

ఇంక ఆగలేక హెడ్మాస్టరు గారు పరుగున వచ్చి నా చెవిలో, "సత్యవతమ్మా, నోరు ముయ్యమ్మా తల్లీ. కోడొచ్చింది. ఎన్నికల కోడు. వీళ్ళు స్క్వాడు" అన్నారు.

అప్పుడు తల తిప్పి నా ఫ్లెక్సీ నేను మొదటిసారి చదివేను. అంతకు ముందు రాసేను గానీ చదవలేదని అప్పుడు తెలిసింది. గబుక్కున సైకిలు సీటు పట్టుకున్నాను. అదే పట్టుకున్నానని గుర్తొచ్చి వదిలేసేను. మా నాన్న మొహం కళ్ళ ముందుకొచ్చింది. ఎవరెవరికి చెప్పేడో, వాళ్ళందరికీ ఇప్పుడు ఏం చెప్పుకుంటాడోనని ఏడుపు తన్నుకొచ్చింది. నిజంగా భయపడ్డాను.

ఆఫీసరు గారు హెడ్మాస్టరు గదిలో కూర్చుని రిపోర్టు కాయితం తీసేరు. ప్రభుత్వ ఉద్యోగి అయ్యుండి పార్టీకి ప్రచారం చేస్తే సస్పెన్షనేనని చెప్పేరు. ప్రొబేషన్లో ఉన్న మనిషికి సస్పెన్షనంటే ఏటో నాకు లెక్క కట్టి చెప్పక్కర్లేదు. అటెండరు టీ తెచ్చేడు. హెడ్మాస్టరు గారు ఎంత బెదిరిపోయేరంటే, గాజు గ్లాసు కూడా ఇంకో పార్టీ గుర్తేనని దాన్ని సగం దారిలో లాక్కుని స్టీలు గిన్నెలో పోయించేరు. ఆఫీసరు గారు గిన్నెతోనే టీ తాగేరు.

"సార్, నేను చెప్పింది ఉత్త సైకిలు గురించి" అన్నాను. "తొక్కుతారు చూడండి, ఆ సైకిలు."

"అందరూ అలాగే అంటారమ్మా. రుజువేముంది?"

సన్యాసిరావు మాస్టారు ముందుకొచ్చేరు. "బాబూ, ఈ గుంటకి సైకిలు పిచ్చి తప్ప ఇంకో పిచ్చి లేదు. రెండేళ్ళై మమ్మల్ని సంపుకు తింటంది."

"అంత గట్టిగా చెప్తే ఎవరో ఒకరు సైకిలు కొనుండాలిగా" అన్నారు ఆఫీసరు గారు, పెన్ను పట్టుకుని. "చెప్పమ్మా. నీ మాట విని ఎవరెక్కారు? ఒక్క పేరు చెప్పు."

నేను గుమ్మం బయట వరండాలో ఉన్న పద్నాలుగు మంది వైపు తిరిగేను. ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరు, ఉత్తుత్తికైనా తలూపితే చాలు, బయటపడిపోతాను. తెలుగు మేడమ్ కేసి చూసేను, ఆవిడ గోళ్ళు చూసుకున్నారు. సన్యాసిరావు మాస్టారి కేసి చూసేను. ఆయన పాపం మొహమాటంగా, "మొన్న పంచరు పడితే నీ సైకిలు నడిపించుకొచ్చేనమ్మా, ఎక్కలేదు" అన్నారు. ఆఖరికి అటెండరు కేసి చూసేను. "నాకు మోపెడుందండి" అన్నాడు.

తల వంచేసుకుని, "ఎవరూ ఎక్కలేదు సార్" అన్నాను.

"రెండేళ్ళలో?"

"ఒక్కరూ లేరు సార్."

ఆఫీసరు గారు రిపోర్టు కాయితం దగ్గరకి లాక్కున్నారు. తర్వాత గబగబా రాసి, అందరికీ వినపడేలా చదివేరు. "సదరు ఉపాధ్యాయిని రెండేళ్ళు నిర్విరామంగా ప్రచారం చేసి ఒక్క మనిషిని కూడా తన వైపు తిప్పుకోలేకపోయినట్లు విచారణలో తేలినది. ఈమె మాట ఎవరినీ ప్రభావితం చేయజాలదు. ఈమె వలన ఏ పార్టీకీ ఎట్టి ప్రయోజనమూ కలుగు అవకాశము లేదు. హెచ్చరించి వదిలివేయడమైనది."

సాక్షి సంతకాలు కావాలన్నారు. రెండేళ్ళలో నా మాట ఒక్కటీ వినని స్టాఫంతా పెన్నులు తీసుకుని వరసలో నిలబడిపోయేరు. తెలుగు మేడమ్ అయితే "ఎట్టి ప్రయోజనమూ" కింద గీత కూడా గీసేరు. నెల తిరక్కుండా నా ప్రొబేషన్ సంతకమై వచ్చింది, మా నాన్న రావికమతంలో మిఠాయిలు పంచేడు. నేను ఎందుకూ పనికిరానని గవర్నమెంటు నిర్ధారించబట్టే పర్మనెంటయ్యేనని ఆయనకి ఈ రోజుకీ తెలీదు.

అందుకని ఇందుమూలంగా సమస్తజనులకీ తెలియజేసుకోవడం ఏమనగా, నేను ఈ జన్మలో మళ్ళీ ఎవరినీ సైకిలెక్కమనను. మంచిదనను, హాయనను, గాలి బాగుంటుందనను. ఇది చదివి మీలో ఎవరికైనా రేపు పొద్దున్న ఒకసారి తొక్కి చూద్దామనిపిస్తే అది పూర్తిగా మీ సొంత నిర్ణయం. నా మాట విని ఎక్కేమని మాత్రం ఎక్కడా అనకండి, నాకింకా రిటైర్మెంటుకి చాలా ఏళ్ళుంది.