గిటార్ యాడికి పోయింది

నా దోస్తుకు రాక్ అంటే పానం. నాకది కంకర మిషన్, నా పానం జాజ్ మీద. పాలమూరుల మా ఇద్దరికి దోస్తానా కుదిరిందే ఈ పంచాది మీద. అతనిది గడియారం చౌరస్తా దగ్గర కండ్లద్దాల దుకాణం, నేను కరెంటాఫీసుల గుమస్తాను. వయసుల ఉన్నప్పుడు ఆదివారం రైలెక్కి హైదరాబాద్ పోయి, ఫుట్‌పాత్ మీద ఒకే కుప్పల చేతులు పెట్టి పాత రికార్డులు ఏరుకునేటోళ్లం. జుట్టు పెంచినోళ్ల అట్టలు అతనికి, బూర పట్టుకున్నోళ్ల అట్టలు నాకు. ఒకరి సంచి చూసి ఒకరం నవ్వుకుంట తిరిగొచ్చేది.

తెలంగాణ వచ్చిన యేడు నేను రిటైరైన. అప్పటిసంది శుక్రవారం నమాజు అయినంక అతను దుకాణం తెరవకుండ సీదా మా ఇంటికే వస్తడు. రికార్డులు తిప్పే మిషన్ నా తాననే ఉన్నది మరి. అతని మిషన్ ఎన్నడో మూలకువడ్డది.

నా మాట నేను దాచుకోను. రాక్‌ల గిటారాయన ఒక్కడే వాయించుడు షురూ చేసిండంటే, మా దిక్కు బోరు వేసినట్టే. నీళ్లు పడేదాక ఆపడు, నీళ్లు పడయి. పాడేటోడు సంతల మేకపిల్ల తప్పిపోయినట్టు ఒర్రుతడు. ఒక్క పాటకు సరిపోయే ముచ్చటను రెండు రికార్డులు నింపి, దాంట్ల ఏందో పెద్ద తత్వమున్నదని అట్ట మీద బొమ్మ గీపిస్తరు. ఇగ డ్రమ్ములాయన వంతు వస్తే నేను లేసి చాయ పెట్టుకొచ్చుకుంట. చాయ తాగుడు గూడ అయితది, అతను ఇంక కొట్టుకుంటనే ఉంటడు.

జాజ్‌ల చెత్త లేదని నేననను. ఎలక్ట్రిక్ పియానో పక్కకు చేరినంక శాక్సఫోన్ సబ్బు నురుగైంది. చూడ బాగుంటది, చేతికేం రాదు. హోటళ్లల్ల వాయించినప్పుడు రికార్డు చేసినవైతే ఇంక ఘోరం. గ్లాసుల చప్పుడు, చెంచాల చప్పుడు, వాయించెటోడు ఊపిరి పీల్చుకున్నా చప్పట్లే. వాయించినాయన బాగలేదని పారేసినదాన్ని కంపెనీవాళ్లు కుప్పతొట్టిలకెళ్లి ఏరి, పెద్ద డబ్బల పెట్టి అమ్ముతరు. వాటిని కొనేటోళ్లు గూడ ఉన్నరు, వాళ్ల మీద నాకు జాలి గూడ లేదు.

"మీ జాజ్‌ల పాట ఎప్పుడు షురూ అయితది భాయ్? ఇందాకట్నుంచి సాజ్‌లు శృతి చేసుకుంటనే ఉన్నరు" అంటడు అతను.

"నీ రాక్‌ల పాట ఎప్పుడు ఆగుతది మియా?" అంట నేను.

ఈ లొల్లి పడలేక ఒకనాడు నా భార్య ఫోన్‌ల ఆర్డర్ పెట్టి హెడ్‌ఫోన్ తెప్పించింది. "అన్నా, నువ్వు రా, తిను, ఉండు. ఆ మోత మాత్రం నీ చెవులల్లనే పెట్టుకో" అన్నది. నా జాజ్‌కు ఆ శిక్ష లేదు. అతనికి అది మస్తు అవమానం. అయినా పెట్టుకున్నడు.

ఒక వానకాలం అతనికి జ్వరమొచ్చి తగ్గింది. తగ్గినంక వచ్చిన మొదటి శుక్రవారం తనకు పానమైన రికార్డు పెట్టుకున్నడు. అది స్టీరియో కొత్తగ వచ్చిన రోజులది. అప్పటి రికార్డింగోళ్లకు ఆ ఎచ్చులు ఎక్కువ. పాడేటోన్ని ఒక చెవుల, గిటార్‌ను ఇంకో చెవుల, అన్నదమ్ములు గోడ పెట్టుకున్నట్టు విడదీసి పెట్టేటోళ్లు. జర సేపు విని అతను మొకం చిట్లించిండు.

"నీ మిషన్ ఖరాబైంది భాయ్. గిటార్ వస్తలేదు."

నేను పెట్టుకొని విన్న. గిటార్ ఉన్నది, ఎప్పటిలెక్కనే విసుగు పుట్టిస్తాంది. "వస్తాంది గద" అన్న.

"నాకు చెప్తవా? ఈ పాటల ఏ మలుపుకాడ ఏమొస్తదో నిద్రల లేపి అడుగు, చెప్త. నీకు గిటారంటే కడుపుమంట. నువ్వే ఏదో వైరు పీకినవ్."

రికార్డులు సంచిల వేసుకొని పోయిండు. మల్లొచ్చిన శుక్రవారం రాలేదు. "పోయి పిలుసుకరా పోరాదు" అన్నది నా భార్య. వైరు పీకే మనిషినా నేను? పోలే. ఆ పై వారం అతనే వచ్చిండు, చేతుల కొత్త హెడ్‌ఫోన్ డబ్బ పట్టుకొని.  దాన్ని మిషన్‌కు తగిలించుకొని అదే పాట పెట్టిండు. విని, హెడ్‌ఫోన్ తీసి డబ్బ దిక్కు చూసిండు.

"కొత్తదిగూడ ఖరాబ్ మాలే ఇచ్చిండ్రు."

అప్పుడు నాకు అనుమానమొచ్చింది. ఆ హెడ్‌ఫోన్ తీసుకొని, కుడిది ఎడమకు, ఎడమది కుడికి వచ్చేటట్టు తిర్లేసి అతని నెత్తికి పెట్టిన.

అతని మొకం వెలిగింది. "ఆఁ! వచ్చింది! గదే గిటార్!" అన్నడు. చెయ్యి తొడ మీద తాళం వేసింది. అంతల ఆగింది. "మరి పాడేటోడేడి?"

నేను అతని కుడి చెవి దిక్కు చూసిన. అతను హెడ్‌ఫోన్ తీసి ఒళ్లె పెట్టుకొని కుడి చెవి రుద్దుకున్నడు.

"జ్వరమొచ్చినకాంచి ఈ చెవుల గుయ్యిమంటాంది భాయ్. గుబిలి అనుకున్న."

పాలమూరు దవాఖానల చూసి హైదరాబాద్ పొమ్మన్నరు. ఇద్దరం పోయినం. అక్కడి డాక్టరమ్మ పరీక్షలు చేసి, నరం చచ్చిపోయింది, మొదట్లనే వస్తే ఏమన్న చేసేటోళ్లం, ఇగ చెవికి మిషన్ పెట్టినా లాభం లేదని చెప్పింది. అతను ఎడమ చెవి ఆమె దిక్కు తిప్పుకొని అంతా విని, మంచిదమ్మా అని లేసిండు.

తిరిగొచ్చేటప్పుడు బస్సు తోవల ఒక కాఫీ హోటల్ కాడ ఆగింది. అద్దాల గోడలు, అరచేయంత కప్పుకు ఆరుగురు తాగేంత ధర. లోపల నేను చెప్పిన ఆ సబ్బు నురుగు శాక్సఫోన్ మోగుతాంది, సినిమా పాటకు చక్కెర పాకం పోసినట్టు. నాకు కాఫీ దిగలే.

"నీ నసీబ్ మంచిది మియా, నీకు సగమే వినొస్తాంది" అన్న.

పొద్దటిసంది అప్పుడు నవ్విండు. నవ్వుకుంటనే కండ్లు తుడుసుకున్నడు. "కండ్లు మసకవడ్డోళ్లు నా దుకాణానికొస్తరు. నేనెవరి దుకాణానికి పోవాలె భాయ్?"

 కాఫీని తిట్టుకుంట బస్సెక్కినం.

తర్వాత శుక్రవారం అతను రాలే. నేనే దుకాణానికి పోయి తోలుకొచ్చిన. నా పాత యాంప్లిఫయర్ మీద రెండు దిక్కుల చప్పుడును ఒక్కతాన కలిపే బటన్ ఒకటున్నది. సంగీతం కొనుక్కొని దాన్ని ముద్దచేసుకునేటోనికి తప్ప ఎవరికి పనికొస్తదని నేనెన్నడు ముట్టలే. ఆనాడు ఒత్తిన. హెడ్‌ఫోన్ తగిలియ్యబోతుంటే నా భార్య వచ్చి దాన్ని గుంజి పక్కకు పెట్టింది. "ఇంట్లనే మోగనియ్యి" అన్నది. స్పీకర్ జరిపి అతని ఎడమ పక్కకు పెట్టి, వంటింట్లకు పోయి తలుపేసుకున్నది.

గిటార్ వచ్చింది. పాడేటోడు వచ్చిండు. డ్రమ్ములాయన గూడ ఎగేసుకొని వచ్చిండు. అతను కండ్లు మూసుకొని, పెదవులు కదుపుకుంట, రికార్డు ఒక పక్క మొత్తం విన్నడు. నేను గూడ విన్న, లేసిపోతే బాగుండదని. ఇంతకుముందు చెరో దిక్కున నిలవడి సతాయించేటోళ్లు, ఇప్పుడందరు ఒక్కతాన గుంపై సతాయించిండ్రు. నా అభిప్రాయం వెంట్రుకవాసి మారలే.

అయిపోయినంక అతను నా అల్మారా దిక్కు చూసిండు. "నీ పాతవాట్ల రెండు చెవులు అక్కర్లేనిది ఏమన్న ఉన్నదా?"

ఉన్నది. స్టీరియో పుట్టకముందుది, అందరు ఒక్క మైకు చుట్టూ నిలవడి వాయించింది. ట్రంపెటాయన ఎక్కువ ఊదడు, అక్కర ఉన్నంతనే ఊది పక్కకు జరుగుతడు. ఆ తమీజు రాక్‌ల ఒక్కనికి లేదు. పెట్టిన. ఇన్నేండ్లల్ల మొదటిసారి అతను నడుమల మాట్లాడకుండ చివరిదాక విన్నడు. నాకు ఎక్కడనో ఆశ పుట్టింది.

"ఎట్లున్నది?"

"పూరాగ వినొచ్చింది భాయ్, ఏమీ తక్కువ కాలే" అన్నడు. చెప్పులల్ల కాళ్లు పెట్టుకుంట మల్లన్నడు, "పూరాగ విన్నంక గూడ బాగలేదు."