ఆట లెక్క, ఇంటి లెక్క

నెహెమ్యాకు పోకర్ ఆట బెంగళూరులో అబ్బింది. అప్పుడతను అక్కడ కారు డ్రైవరు. వసంతకుమార్ అని కడప నుంచి వెళ్లి స్థిరపడిన సాఫ్ట్‌వేర్ ఉద్యోగి దగ్గర రెండేళ్లు పనిచేశాడు. ట్రాఫిక్‌లో కారు ఆగినప్పుడల్లా వెనక సీట్లో వసంతకుమార్ ఫోన్‌లో ఆడుతుండేవాడు. ఒకరోజు నెహెమ్యా అద్దంలోంచి చూస్తున్నాడని గమనించి, నవ్వి, నేర్పించడం మొదలుపెట్టాడు.

ఆట చూడటానికి సులభమే. ఒక్కొక్కరికి రెండేసి ముక్కలు, అవి ఎవరివి వాళ్లకే కనబడతాయి. టేబుల్ మధ్యలో అందరికీ కలిపి ఐదు ముక్కలు తెరుస్తారు. మొత్తం ఏడింటిలో మంచి ఐదు ఎవరికి కుదిరితే పందెం వాళ్లది. ముక్కలు బాగా లేకపోయినా, ఎదుటివాణ్ణి భయపెట్టి తప్పుకునేలా చేయగలిగితే అప్పుడూ వాళ్లదే. వసంతకుమార్ ఈ రెండోదాంట్లో దిట్ట. నెహెమ్యాకు తెలిసినంతలో అతని కంటే బాగా ఆడేవాళ్లు లేరు. అలాంటివాడు రెండో ఏడు చివర కారు అమ్మేశాడు. తరువాత ఫ్లాటూ పోయింది. నెహెమ్యాకు చివరి జీతం ఇస్తూ ఒక మాట చెప్పాడు.

"ఆటలో నన్నెవరూ ఓడించలేదు నెహెమ్యా. నా దగ్గరున్నదానికి తగిన టేబుల్ కాకుండా, దానికంటే పెద్ద టేబుల్‌లో కూర్చున్నా. రెండు దినాలు ముక్కలు పడకుంటే తట్టుకునేంత నా దగ్గర లేదు. అంతే జరిగింది."

ఆ మాట పట్టుకుని నెహెమ్యా బనగానపల్లెకు తిరిగొచ్చాడు. నాపరాళ్లను పలకలుగా కోసి నునుపు చేసే పాలిష్ ఫ్యాక్టరీలో కోత మిషన్ మీద పని దొరికింది. భార్య సంతోషమ్మ అంగన్‌వాడీలో ఆయా. కూతురు ప్రసన్నకుమారి అప్పటికి హైస్కూల్లో ఉంది. ముగ్గురిదీ ఆదివారం తప్పకుండా చర్చికి వెళ్లే ఇల్లు. సంతోషమ్మ తాత ఆ చర్చి కట్టినప్పుడు రాళ్లు మోసినవాళ్లలో ఒకడు.

పాత ఫోన్ అమ్మితే రెండు వేలు వచ్చాయి. ఆ రెండు వేలతో ఆడి చూడాలని నెహెమ్యాకు కోరిక. దాచి ఆడటం అతనికి చేతకాలేదు. అన్నం తింటూ భార్యకు చెప్పేశాడు.

సంతోషమ్మ వడ్డించే చెయ్యి ఆపింది. "పేకాటనా?"

"పేకాటే. కాకుంటే శానా చిన్నది. ఆ రెండు వేలు పోతే ఇంగ ఆడను. ఫోన్లోంచి తీసేస్తా."

"వద్దంటే మానుకుంటావా?"

నెహెమ్యా తలొంచుకుని అన్నం కలిపాడు. ఆమె కాసేపు అతని ముఖం చూసింది.

"సరే, ఒక మాట ఇయ్యి. ఇంట్లో లెక్క ఆటలోకి పోగూడదు. ఆట లెక్క ఇంట్లోకి రాగూడదు. గెలిచినా సరే, ఒక్క రూపాయి గూడా. ఎవరి కడుపు కొట్టి వచ్చిందో తెలీని లెక్కతో నా బిడ్డకు అన్నం పెట్టను."

ఆ ప్రాంతంలో డబ్బును లెక్క అనే అంటారు. నెహెమ్యా మాట ఇచ్చాడు. గ్రామీణ బ్యాంకులో ఆటకని వేరే ఖాతా తెరిచాడు.

మాట ఇవ్వడం వల్ల అతని ఆట బాగుపడింది. ఆ రెండు వేలకు వెనక నుంచి ఇంకేదీ వచ్చి కలవదు కాబట్టి వాటిని కాపాడుకోవడమే అసలు పని అయింది. ఉన్నదాంట్లో ఇరవయ్యో వంతు మించి ఏ టేబుల్‌కూ తీసుకుపోయేవాడు కాదు. అంటే మొదట్లో నూరు రూపాయలతో కూర్చునే అన్నిటికంటే చిన్న టేబుల్. ఒకరోజులో రెండుసార్లు ఆ నూరు పోతే ఫోన్ మూసేసేవాడు. డబ్బు రెండింతలు కానిదే పై టేబుల్ వైపు చూడడు. సగానికి తగ్గితే కిందికి దిగాలి, కానీ కింద టేబుల్ లేదు. అందుకని మొదటి ఏడాది వర్షాల్లో డబ్బు ఎనిమిది వందలకు పడిపోయినప్పుడు నెలపాటు ఆడనే లేదు. ఆడకుండా ఇతరుల ఆట చూస్తూ కూర్చున్నాడు. ఎవరు తొందరపడతారు, ఎవరు కోపంతో పందెం పెంచుతారు, పోయినదాన్ని వెంటనే రాబట్టుకోవాలని ఎవరు చూస్తారు, ఇదంతా అప్పుడే తెలిసింది.

రెండేళ్లకు ఆ రెండు వేలు పద్నాలుగు వేలయ్యాయి. మిషన్ కింద అరిచే రాయిని వింటూ, తాను ఈ ఊళ్లో ఎవరికీ తెలియని ఒక పనిలో నేర్పరినని అతనికి లోలోపల గర్వంగా ఉండేది. సంతోషమ్మ ఆ ఖాతాలో ఎంతుందని ఎప్పుడూ అడగలేదు.

రెండువేల ఇరవై మార్చిలో లాక్‌డౌన్ వచ్చింది. ఫ్యాక్టరీ మూతపడింది. యజమాని ఒక నెల సగం జీతం ఇచ్చాడు, రెండో నెల చేతులెత్తేశాడు. మామిడి కాయలు తోటల్లోనే మాగి రాలిపోతుంటే కొనేవాళ్లు లేరు. రేషన్ బియ్యం ఉన్నాయి కాబట్టి ఆకలి లేదు కానీ, ఇంటి బాడుగ రెండు నెలలు నిలిచిపోయింది. ప్రసన్నకుమారి ఇంటర్‌లో చేరాల్సిన ఏడు అది.

ఒక పొద్దున నెహెమ్యా అన్నాడు. "ఆ ఖాతాలో పద్నాలుగు వేలు పడుండాది. బాడుగ కట్టేద్దాం. ఫ్యాక్టరీ తెరిచినాక మళ్లా దాంట్లో వేసేస్తా."

"మాటిచ్చినావు."

"ఇట్లా దినాలొస్తాయని తెలిసి ఇచ్చినానా?"

"మంచి దినాల్లో మాటెవరైనా నిలబెట్టుకుంటారు," అంది సంతోషమ్మ. తన చెవి కమ్మలు తీసి కొంగున కట్టుకుని బయటికి వెళ్లింది. మధ్యాహ్నానికి బాడుగ కట్టి వచ్చింది.

ఆమె బోడి చెవులు చూసి నెహెమ్యాకు కోపం వచ్చింది. ఆ కోపం ఎవరి మీదో అతనికే తెలియలేదు. పద్నాలుగు వేలు కాబట్టి కాదనగలిగింది, లక్ష చేసి ముందు పెడితే ఎట్లా కాదంటుందో చూద్దాం అనుకున్నాడు. ఊళ్లన్నీ ఇళ్లల్లో కూర్చున్నాయి. ఎన్నడూ ఆడనివాళ్లు ఆటలోకి వచ్చిపడుతున్నారు. చిన్న టేబుళ్లలో అతను రోజూ గెలుస్తూనే ఉన్నాడు. కానీ నూర్లు లక్ష కావడానికి ఎన్నేళ్లు పడుతుంది?

మే నెల ఎండలో, తల్లీకూతుళ్లు లోపల కునుకు తీస్తుండగా, అతను వసారాలో కూర్చుని ఐదు వేల టేబుల్‌లో అడుగుపెట్టాడు. ఉన్నదాంట్లో మూడో వంతు ఒక్కసారిగా. వసంతకుమార్ చేసిన పనే తానూ చేస్తున్నాడని తెలుసు. తెలిసే కూర్చున్నాడు.

ఆ రోజు ముక్కలు పడ్డాయి. గంట తిరిగేసరికి టేబుల్‌లో మిగిలినవాళ్లు లేచిపోయి, ఒకే ఒకడు ఎదురుగా ఉన్నాడు. అతని పేరు ఇంగ్లీషు అక్షరాల్లో 'ఆలూరు' అని మాత్రమే ఉంది. అతను ఓడిపోతున్నాడు, మళ్లీ డబ్బు వేసుకుంటున్నాడు, మళ్లీ ఓడిపోతున్నాడు. పోయినదాన్ని వెంటనే రాబట్టుకోవాలని చూసే మనిషి. అలాంటివాళ్లను నెహెమ్యా రెండేళ్లుగా గుర్తుపడుతూనే ఉన్నాడు. కాకపోతే వాళ్లెవరూ ఎప్పుడూ మాట్లాడలేదు.

తెర మూలన రాత కనబడింది. తెలుగే, ఇంగ్లీషు అక్షరాల్లో.

"ఏమప్పా, మనూరోళ్ల మాదిరి ఉండావే. పేరు చూస్తే నెహెమ్యా అని ఉండాది. యాడ మీది?"

నెహెమ్యా "బనగానపల్లె," అని కొట్టాడు. "మీది ఆలూరేనా?"

"ఆ పక్కన పల్లె. ఎద్దులమ్మిన దుడ్లు ఇవి. సగం పోయినాయి."

డబ్బుకు దుడ్లు అనే మాట పడమటి కర్నూలు వాళ్లది, కన్నడ సీమకు ఆనుకున్న పల్లెలది. ఆ ఒక్క మాటతో ఎదుట కూర్చున్నది ఫోన్‌లోని పేరు కాదని, ఎర్రమట్టి కాళ్లతో ఎక్కడో ఒక అరుగు మీద కూర్చున్న మనిషని నెహెమ్యాకు కళ్లకు కట్టింది.

"అన్నా, లేసి పో. ఈ పొద్దు నీకు ముక్క పడదు. మిగిలినవి తీసుకుని పో," అని రాశాడు.

"ఇంగొక్క ఆట. వచ్చేస్తాయిలే."

నెహెమ్యా చేతిలో రెండు రాజులు పడ్డాయి. మధ్యలో తెరిచిన ముక్కల్లో ఇంకో రాజు, రెండు తొమ్మిదులు. మూడు రాజులూ రెండు తొమ్మిదులూ కలిస్తే దాన్ని కొట్టే ముక్కలు దాదాపు ఉండవు. ఎదుటివాడు తన ముందున్నదంతా ఒకేసారి పందెంలోకి తోశాడు. అతని చేతిలో మూడో తొమ్మిది ఉందని నెహెమ్యాకు తెలిసిపోయింది. అతను తొందరపడలేదు, మోసం చేయడం లేదు. నిజంగానే గెలుస్తాననుకుంటున్నాడు.

తప్పుకుంటే తప్పుకోవచ్చు. ఆ ముక్కలు చూపించాల్సిన పని కూడా లేదు. తెర మీద సమయం తగ్గుతూ వచ్చింది. చివరికి నెహెమ్యా వేలు ఆటగాడి వేలు లాగే కదిలింది. ముక్కలు తెరుచుకున్నాయి. డబ్బంతా ఇటు జరిగింది.

కొంతసేపటికి మూలన రాత వచ్చింది. "అయిపాయ. బాగా ఆడినావప్పా." ఆ పేరు టేబుల్ నుంచి వెళ్లిపోయింది.

సాయంత్రం సంతోషమ్మ నీళ్లు చల్లుతుంటే నెహెమ్యా గడప మీద కూర్చుని జరిగింది జరిగినట్టు చెప్పాడు. ఆమె చెంబు కింద పెట్టి విన్నది. తిడుతుందని అతను అనుకున్నాడు, తిడితే బాగుండుననీ అనుకున్నాడు.

"ఆయప్ప పేరేంది?"

"తెలీదు."

"అడగలేదా?"

"అడగలేదు."

ఆమె తిరిగి చెంబు అందుకుంది.

అతను మళ్లీ ఆడలేదు. ఆ డబ్బు తిరిగి పంపాలని, ఆ మనిషి వివరాలు ఇవ్వమని ఆట కంపెనీకి రాశాడు. ఎవరి వివరాలూ ఎవరికీ ఇవ్వలేమని జవాబు వచ్చింది. లాక్‌డౌన్ సడలించాక మోటార్‌సైకిల్ మీద ఆలూరు వెళ్లాడు. బస్టాండు దగ్గర టీ కొట్టు నడిపే మారెన్న అనే ఆయన్ను, ఈ మధ్య ఎద్దులు అమ్ముకున్న వాళ్లెవరైనా తెలుసా అని అడిగాడు.

మారెన్న పెదవి విరిచాడు. "ఈ యేడు ఎద్దులమ్మనోళ్లెవరో అడుగప్పా, చెప్తా."

అయినా నెహెమ్యా నాలుగైదు పల్లెలు తిరిగాడు. ఫోన్‌లో పేకాడి ఎద్దుల సొమ్ము పోగొట్టుకున్నది మీరేనా అని ఏ ఇంటి ముందు నిలబడి అడగాలి? ఆ ఇంట్లోవాళ్లకు తెలియకపోతే? ఎవరినీ అడగకుండానే తిరిగొచ్చేశాడు.

సెప్టెంబరులో రాష్ట్ర ప్రభుత్వం డబ్బుతో ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధించింది. నెహెమ్యా ఉన్నదంతా ఆటకని తెరిచిన బ్యాంకు ఖాతాలోకి మార్చుకుని ఆటను ఫోన్లోంచి తీసేశాడు. ఆ మధ్యాహ్నం గెలిచిందీ కలిపి నలభై వేల పైచిలుకు. చర్చి కానుకల పెట్టెలో వేద్దామా అంటే సంతోషమ్మ ఒప్పుకోలేదు. "దేవుడు అడిగినాడా? అది ఆయప్పది. ఆ ఖాతాలోనే ఉండనీ."

మరుసటి ఏడు మేలో సంతోషమ్మకు కరోనా సోకింది. నాలుగో రోజుకు ఊపిరి అందలేదు. ప్రభుత్వాసుపత్రిలో మంచాలు లేవు. నంద్యాలలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఆక్సిజన్ మంచం ఉందన్నారు, నలభై వేలు ముందు కట్టాలన్నారు. ఆటోలో సంతోషమ్మ తల ప్రసన్నకుమారి ఒడిలో ఉంది. పెదాలు నీలంగా మారాయి. నెహెమ్యా ఆలోచించలేదు. ఆ ఖాతా నుంచి కట్టేశాడు.

పద్దెనిమిది రోజుల తరువాత ఆమె ఇంటికి వచ్చింది. గోడ పట్టుకుని నడవడం మొదలుపెట్టాక ఒక మధ్యాహ్నం అడిగింది, లెక్క యాడిదని. అతను చెప్పాడు.

ఆమె మంచం అంచున కూర్చుంది. శ్వాస ఇంకా బరువుగానే ఉంది.

"నన్నడిగింటే వద్దనేదాన్నేమో," అంది.

"అందుకే అడగలేదు."

"నేను గూడా ఆయప్ప ఎద్దులు తిన్నట్లే గదా ఇప్పుడు."

నెహెమ్యా ఆమె దగ్గరికి వెళ్లి కూర్చున్నాడు. మొదటిసారి ఏడ్చాడు. ఆమె అతని వీపు మీద చెయ్యి వేసింది గానీ, ఫరవాలేదని అనలేదు.

తరువాతి నెల జీతం రాగానే సంతోషమ్మే బ్యాంకుకు వెళ్లి ఆ ఖాతాలో ఐదు వందలు వేసింది. నెహెమ్యా కూడా వేయడం మొదలుపెట్టాడు. ఖర్చయినదంతా నాలుగేళ్లలో తిరిగి చేరింది. దాన్ని ఎవరికి ఇవ్వాలో ఇద్దరికీ ఇప్పటికీ తెలియదు. ప్రసన్నకుమారి నర్సింగ్ చదువుకు డబ్బు కావలసి వచ్చినప్పుడు వేరే చోట అప్పు చేశారు.

వానలు మొదలయ్యే ముందు, ఏడాదికి ఒకసారి, నెహెమ్యా ఆలూరు వైపు వెళ్లొస్తాడు. మొన్న వెళ్లినప్పుడు సంతోషమ్మ కూడా వెనక కూర్చుని వెళ్లింది. దారి పక్కన చేలల్లో ట్రాక్టర్లు, అక్కడక్కడ ఎద్దులు. ఒకచోట బండి ఆపమంది. దుక్కి దున్నుతున్న ముసలాయన దగ్గరికి గట్టు మీద నడిచి వెళ్లి, కొత్త జతనా అని అడిగింది. పోయిన యేడు తెచ్చినానమ్మా అన్నాడాయన. ఆమె ఒక ఎద్దు మూపు నిమిరి, చల్లగా ఉండనీ అని చెప్పి తిరిగొచ్చింది.

"ఆయనేనేమో అనుకున్నావా?" అని అడిగాడు నెహెమ్యా.

"కాదులే," అంది ఆమె, కొంగుతో చెమట తుడుచుకుంటూ. "పోదాం పా, ఎండ ముదురుతాండాది."