తాత కొట్టిన మూడు దెబ్బలు

మా ఊరి దోస్తులారా, మా తాత పారకు తుమ్మకర్ర కామ ఉండేది, యాదికున్నదా? చెమటకు నల్లగ నున్నగ అయ్యి, పట్టుకుంటే చేతులు మట్టివాసన కొట్టేవి. పొలం ఒడ్డు చెక్కేటప్పుడు బొరియ కనిపిస్తే తాత ఎంటనే పూడ్సేటోడు కాదు. కామతోని మూడు దెబ్బలు కొట్టి, బీడీ అయిపోయేదాక కూసునేటోడు. "ఆగు బిడ్డా, లోపలున్నదాన్ని పోనియ్యి" అనేటోడు.

ఇయ్యాల పొద్దుగాల ఖతర్ల, మేము వెడల్పు చేస్తున్న హైవే పక్కన అసొంటి బొరియే కనిపించింది. దాంట్ల మట్టి నింపుడు నా డ్యూటీ, ఎనుక రోలర్ వస్తది. ఫోర్‌మన్ "యల్లా, యల్లా" అని ఒర్రుతున్నా చెయ్యి ఊకోలే. నా పార కామతోని మూడు దెబ్బలు కొట్టిన.

ఈడోళ్లు 'దబ్' అనే ఎడారి బల్లి బయటికొచ్చింది. మన ఉడుము లెక్కనే ఉంటది. ఒకదిక్కు రోలర్, ఇంకోదిక్కు రోడ్డు. రోడ్డు మీదికే ఉరికింది. టిప్పర్ ఆగలే.

"నువ్వు కొట్టకపోతే బొరియలనే సచ్చేది తమ్మీ" అన్నడు, నాతోని పనిచేసే మల్లేశన్న. నిజమే కావచ్చు.

కని తాత మూడు దెబ్బలు కొట్టినప్పుడు, అది ఎటు ఉరికినా పొలమే ఉండేది.