అత్తయ్య రక్తంలో మంట

నిప్పు లేనిదే పొగ రాదంటారు పెద్దలు. అగ్గిపుల్ల కూడా గీయకుండా రేపల్లె నుంచి బాపట్ల దాకా పొగ పెట్టిన ఘనత నాది. ఆ పొగలో నాకున్న ఒక్కగానొక్క అత్తయ్య దూరమైపోబోయింది. వినండి మరి, నవ్వితే నవ్వారు గానీ.

అప్పటికి నా పెళ్ళయి ఏడాది కాలేదు. తెనాలిలో అమ్మ లేకుండా పెరిగినదాన్ని. రేపల్లెలో అత్తయ్య, అంటే ఊరందరికీ రత్నం టీచరుగారు, నేను కాపురానికి వచ్చిన రోజే నా తల దువ్వుతూ, "ఇదేం పిచ్చుకగూడే అమ్మడూ!" అంది. ఆ 'అమ్మడూ' కోసం ఏమైనా చేయొచ్చు అనిపించింది. నా పనేమో తెల్లరక్తకణాల మీద పరిశోధన.

ఒక ఆదివారం చర్చిలో ఆరాధన అయ్యాక స్త్రీల సమాజం వాళ్ళు పట్టుకున్నారు. "నీ చదువు గురించి రెండు ముక్కలు చెప్పమ్మా." మోకాళ్ళ నొప్పులతో అత్తయ్య ఆ రోజు ఇంట్లోనే ఉండిపోయింది. పిచ్చివాడి చేతికి రాయి, పరిశోధకురాలి చేతికి మైకు ఇవ్వకూడదని వాళ్ళకేం తెలుసు?

"రోగక్రిమి లోపలికి రాగానే తెల్లకణాలు మంట పెడతాయండి. క్రిమి చచ్చాక ఆ మంట ఆరాలి. 'మంట పెట్టండి' అని కణంలో కబుర్లు బయల్దేరుతుంటే, మైక్రో ఆర్‌ఎన్‌ఏలని కంటికి కనపడనంత బుల్లి ముక్కలు కొన్ని ఆ కబుర్ల నోరు నొక్కేస్తాయి. అవి సరిగ్గా పని చెయ్యలేదా, మంట ఆరదు!"

అంతటితో కూర్చుంటే పోయేది. ఉదాహరణ చెప్పకపోతే నాకు అన్నం అరగదు.

"ఎక్కడిదాకానో ఎందుకండీ, మా అత్తయ్యే ఉన్నారు. పైకి నవ్వుతుంటారా, లోపల ఒకటే మంట! రక్తపరీక్షలో బయటపడింది."

హాలంతా కళ్ళార్పకుండా నా వైపే చూసింది. శ్రద్ధగా వింటున్నారని మురిసిపోయాను.

ముందు వరసలో మరియమ్మ పిన్నిగారు మెల్లగా అడిగింది. "ఎప్పట్నుంచమ్మా?"

"ముందు ఇంత లేదంటండి. నేను కాపురానికొచ్చాకే ఎక్కువైంది."

"అయ్యో! తగ్గదా మరి?"

"మందులతో అణిగి ఉంటుందండి. మళ్ళీ ఎప్పుడు భగ్గుమంటుందో చెప్పలేం."

"ప్రార్థన చేస్తాంలే తల్లీ," అంటూ పిన్నిగారు కళ్ళు తుడుచుకుంది. సైన్సు చెప్పి కన్నీళ్ళు పెట్టించానని గాల్లో తేలుతూ ఇంటికొచ్చాను.

నాకంటే ముందే కబురొచ్చేసింది. అత్తయ్య ఫోను పక్కన పెట్టి, "రండి. చేతులు కడుక్కోండి," అంది.

రండేంటి? వెనక ఇంకెవరైనా వచ్చారేమోనని తిరిగి చూశాను. ఎవరూ లేరు. పీతల కూర నా వైపు జరిపి, "వేసుకోండి," అంది. ముద్ద కలిపానో లేదో, ఏడుపొచ్చేసింది.

"నేనేం తప్పు చేశానో చెప్పి తిట్టండత్తయ్యా. ఆ 'అండి' మాత్రం వద్దు."

"నాకు నీ మీద మంటా?" ఆమె గరిటె గిన్నెలో పడేసింది. "నీ చదువు చూసా? నీ ఉద్యోగం చూసా? కోడలంటే కుళ్ళంటగదా అక్కా అని మా చెల్లెలు బాపట్ల నుంచి ఫోన్ చేసి అడుగుతోంది. ఊరంతా నా కోసం ప్రార్థన పెడుతున్నారంట!"

"మోకాళ్ళత్తయ్యా!"

"మోకాళ్ళేంటి?"

"మంట మోకాళ్ళలో! మొన్న తెనాలి డాక్టరుగారు రిపోర్టు చూసి చెప్పారే, అది!"

ఆమె నా వైపు, తన మోకాళ్ళ వైపు, మళ్ళీ నా వైపు చూసింది. "దాన్ని వాపు అంటారే మొద్దూ! వాపు అని చెప్పి చావకూడదూ!"

ఆ 'మొద్దూ' విన్నాక ఇంక ఆగలేదు. మెడ పట్టుకుని బావురుమన్నాను. "ఎంగిలి చెయ్యే! చీరంతా కూర!" అంటూనే ఆమె నన్ను దగ్గరికి లాక్కుంది.

తర్వాతి ఆదివారం కర్ర పట్టుకుని తనే చర్చికి వచ్చింది. అందరి ముందూ నిలబడి, "నాకు కోడలి మీద మంటా లేదు, మన్నూ లేదండి. నాకున్నది వాపు. ఒట్టి వాపు," అని తేల్చేసింది.

మరియమ్మ పిన్నిగారు గుండె మీద చెయ్యేసుకుంది. "వాపా టీచరుగారూ? చదువుకున్న కోడలొచ్చిందని బలుపేమో అనుకున్నామండీ మేం!"

అందరికంటే ముందు నవ్వింది అత్తయ్యే.

కనుక కణం సాక్షిగా, జన్యువు సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకపై తెల్లకణాల గురించి తెలుగులో మాట్లాడవలసి వస్తే, నా చెయ్యి అత్తయ్య చేతిలో పెట్టాకే నోరు తెరుస్తాను. మాట దారి తప్పితే ఆమె గిల్లాలి. ఒప్పందం ఆమెకు బాగా నచ్చింది. నిన్న వంటింట్లో "పొయ్యి మంట తగ్గించండత్తయ్యా" అన్నా గిల్లింది.