తాబేటి చిప్పలో నీళ్లు

ఖమ్మంలో ఆరుంపావుకు కొత్తగూడెం బస్సెక్కాను. 2006 మే నెల. ఒళ్లో మైక్రోస్కోపు పెట్టె. మా కాలేజీ ల్యాబ్ అటెండరు వీరయ్య వాళ్లమ్మ సత్తెమ్మకు ఎనిమిది మేకలుంటే వారంలో మూడు చచ్చాయి. ఆమెకు అవే బతుకుతెరువు. నేను వృక్షశాస్త్రం చెప్పేవాణ్ని, మేకల సంగతి నాకేం తెలుసు? కానీ కుంట నీళ్లు పచ్చబడ్డాయని వీరయ్య అనగానే ఆగలేకపోయాను.

కొత్తగూడెంలో ఇడ్లీ తిని ములకలపల్లి బస్సు పట్టుకున్నాను. పక్కసీటు పెద్దాయన పెట్టెలో ఏముందని అడిగి, చెప్పాక కొంచెం జరిగి కూర్చున్నాడు. పదకొండుకు దిగి రెండు కిలోమీటర్లు అడవి బాటన నడిచాను. మీరు వెళ్తే మంచినీళ్లు వెంట తీసుకెళ్లండి.

గూడెంలో చడీచప్పుడు లేదు. సత్తెమ్మ వాకిట్లో చాటంత సముద్రపు తాబేటి చిప్ప వెల్లకిలా ఉంది. కోస్తా నుంచి వచ్చిన రైతెవరో ఇస్తే మేకలకు నీళ్లతొట్టి చేసుకుని కుంట నీళ్లు పోస్తోందట. మిగిలిన ఐదు మేకలూ దాని చుట్టూ నిలబడి, అరవకుండా, అందులోకే చూస్తున్నాయి.

"సచ్చినా ఆ తాబేలు మేకల్ని పిలుస్తనే ఉన్నది సారూ. ఆ చిప్ప నువ్వు తీస్కపో" అంది సత్తెమ్మ.

కుంట నీటి చుక్కను మైక్రోస్కోపు కింద పెట్టాను. ఆవగింజ మీద వందలు పట్టేంత ఆకుపచ్చ చుక్కలు, గుంపులు గుంపులుగా. ఇలాంటి నాచుల్లో కొన్నింటికి విషముంటుంది, కాచినా పోదు. చిప్ప తప్పేం లేదు, కుంట నీళ్లే మానమన్నాను. ఆమె కూడా చూసి, కాళ్లూ నోరూ లేనిది మేకనెట్లా చంపుతుందని అడిగింది. నేను చిప్ప తీసుకుపోతే పీడ పోయిందని మేకల్ని మళ్లీ కుంటకే తోలుతుందని అర్థమైంది.

అందుకే తప్పు చిప్పది కాదని చూపించాలని దాన్ని కడిగి, బోరింగు నీళ్లు పోసి, దోసిలితో తాగాను. గూడెమంతా నా చుట్టూ కూర్చుంది. నేనెప్పుడు పడిపోతానా అని చూస్తున్నారు. నాలుగింటి బస్సు వెళ్లిపోయింది. నిజం చెప్పొద్దూ, మధ్యలో చిప్పను సరిగ్గా కడిగానో లేదోనని నేనూ వంగి చూశాను.

ఐదున్నర బస్సుకు సత్తెమ్మ రోడ్డుదాకా వచ్చింది.

"పొద్దుగాల దుకాణం కాడికి నువ్వే ఫోన్ చెయ్యి సారూ. నువ్వు బతికుంటెనే బోరింగు నీళ్లు పెడ్త. అందాక మేకలకు ఏ నీళ్లూ పెట్ట."

కిటికీ పక్క సీటు దొరికింది. సముద్రాలు ఈదిన తాబేలు కళ్లముందు పడి ఉంది కాబట్టి నింద దానిమీద పడింది. కంటికి ఆనని నాచు మాత్రం కుంటలో హాయిగా పెరుగుతోంది. ఆ సంగతి నమ్మించాలంటే ఒక మనిషి తెల్లారేదాకా బతికి చూపించాలి. పాల్వంచ దాటాక కునుకు పట్టబోతే ఉలిక్కిపడి కూర్చున్నాను. అక్కడ ఐదు మేకలు దాహంతో నా ప్రాణం కోసం ఎదురుచూస్తున్నాయి.